నేను కడిగిన రాళ్లు

మొన్న కోస్గి నుంచి మా వదిన ఒక సంచి పంపింది. మా పుట్టింటి పాత ఇల్లు విప్పి కొత్తది కట్టుకుంటున్నారట. అటక మీది సామాను దింపి, ఎవరివి వాళ్లకు చేర్చే పనిలో పడింది. నేనుండే హాలియాకు వచ్చేవాళ్లెవరో దొరికితే వాళ్ల చేతికిచ్చి నాకు అందించమంది. గోనెగుడ్డతో కుట్టిన మేస్త్రి సంచి అది, మా బాపుది. ఆయన పోయి ఇన్నేళ్లయినా ముట్టుకుంటే చేతికి బూడిదరంగు పొడి అంటింది. మనిషి పోతాడు గానీ సిమెంటు పోదు కాబోలు అనుకుని, వాకిట్లో చాప పరిచి సంచి బోర్లించాను.

నాలుగే వస్తువులు రాలాయి. ఒకవైపు అరిగి అరిగి సగమైన తాపీ. గోడ నిట్టనిలువుగా లేస్తున్నదో లేదో చూసుకునే ఇత్తడి గుండు, దాని దారంతో సహా. అరచేతిలో ఇమిడే రాతిముక్క ఒకటి, దాని మీద మందంగా పసుపు. ఈ మూడింటినీ చూడగానే పోల్చుకున్నాను. నాలుగోది జానెడు కర్రపిడి, దానికి నాలుగు పీచులు మిగిలి ఉన్నాయి, పిడికి రంగు తెలియని గుడ్డపేలిక చుట్టి ఉంది. సున్నం కుంచె అయ్యుంటుందిలే అనుకుని పక్కన పడేశాను. పిల్లలకు పాఠాలు చెప్పీ చెప్పీ అన్నీ నాకే తెలుసుననే అలవాటొకటి ఒంటబట్టింది. ఆ అలవాటు ఎన్నోసార్లు నన్ను బోల్తా కొట్టించింది, ఈసారీ అదే చేసింది.

మా బాపు ఎల్లయ్య రాతి మేస్త్రి. మాట తక్కువ మనిషి. నోటితో చెప్పాల్సింది తాపీ పిడితో తట్టి చెప్పేవాడు. రాయిని తట్టి, చెవి ఆనించి వినేవాడు. లోపల పగులుంటే బొంగురుగా పలుకుతుందని, గట్టి రాయి ఖంగుమంటుందని ఆయన లెక్క. ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది. అమ్మ కుండ కొంటే తట్టేవాడు, గుమ్మడికాయ తెస్తే తట్టేవాడు, కొత్త తలుపు పెడితే వెనకా ముందూ తట్టేవాడు. నన్ను చూడవచ్చిన పెళ్లికొడుకు భుజం మీద ఆప్యాయంగా తట్టినప్పుడు, "ఏం పలికింది బాపూ" అని లోపలి నుంచి అడిగి అమ్మ చేత తిట్లు తిన్నాను. బాపు మాత్రం నవ్వు దాచుకోవడానికి బయటికి పోయాడు.

నేను చెప్పబోయేది ఆ పెళ్లికి ముందు సంగతి. మా వైపు రెండేళ్లు వరసగా వానలు ఎగ్గొట్టాయి. జొన్న చేను మోకాలెత్తు కూడా లేవలేదు. కృష్ణ మీద సాగర్ కట్ట కడుతున్నారని, ఎంతమంది వచ్చినా పని ఉందని తెలిసి, బాపు మా ఊరివాళ్లను, చుట్టుపక్కల వాళ్లను కూడగట్టి గుంపు మేస్త్రిగా బయలుదేరాడు. అందరూ ఆయన మాట మీద వచ్చినవాళ్లే. అన్నయ్య ఊళ్లో గొర్రెలను చూసుకోవడానికి ఉండిపోయాడు. నేనూ అమ్మా బాపుతో లారీ ఎక్కాం. నాకప్పుడు పదహారో పదిహేడో ఉంటాయి. లారీ గుట్టలు దిగి ఏటి ఒడ్డుకు రాగానే ఆ గోడ కనిపించింది. అప్పటికి సగమైనా లేవలేదు. అయినా దాని మీద పనిచేసే మనుషులు అంత దూరానికి చీమల బారులాగే ఉన్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

క్యాంపులో తడకల గుడిసెలు వరసగా ఉండేవి. తెల్లవారకముందే సైరన్ కూసేది. సైరన్ కంటే ముందే వంద గుడిసెల్లో జొన్న రొట్టెలు తట్టే చప్పుడు మొదలయ్యేది. నాకు నిజంగా మెలకువ తెప్పించింది ఆ చప్పుడే. కట్టెల పొగ, తడి సిమెంటు, గుట్ట మీద రాళ్లు పేల్చిన మందు, ఏటి గాలి కలిసి ఒక వాసన ఉండేది. ఇప్పుడు ఎక్కడ ఇల్లు కడుతున్నా ఆ సిమెంటు వాసన తగిలితే ఆగిపోతాను. మిగతా మూడూ లేకపోయేసరికి ఏదో వెలితిగా ఉంటుంది. రొట్టెలు, ఎర్ర కారం, ఉల్లిగడ్డ గుడ్డలో మూటకట్టి అమ్మ నడుముకు దోపుకునేది. ఆమె తట్టలో సిమెంటు మాలు మోసేది. పరంజా మీద వేసిన వాలు బల్లల మీదుగా, ఒకరి వెనక ఒకరు, రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉండేవాళ్లు ఆడవాళ్లు. అంత పెద్ద గోడ యంత్రాలతో లేచిందని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. అందులో చాలా భాగం ఆడవాళ్ల నెత్తి మీద ఎక్కింది.

నా పని రాళ్లు కడగడం. వినడానికి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. గుట్ట నుంచి వచ్చిన రాయికి మట్టి ఉంటుంది, రాతిపొడి ఉంటుంది. వాటితోనే గోడలో పెడితే మాలు రాయిని పట్టుకోదు, పొడిని పట్టుకుంటుంది. అందుకని గొట్టంతో నీళ్లు కొడుతూ, కొబ్బరిపీచు బ్రష్‌తో రాయి ఆరు పక్కలా తోమాలి. కారే నీళ్లు తేటపడే దాకా తోమాలి. అరచేతులు కోసుకుపోతుంటే అమ్మ తన నీలం చీర అంచు చింపి నా బ్రష్ పిడికి చుట్టింది. నేను కడిగిన రాళ్లు బాపుకే పోయేవి. ఆయన గోడకు నీళ్లవైపు ముఖం కట్టేవాడు. అది మేస్త్రీలందరికీ దక్కే పని కాదు. నీళ్లు ఆనుకునే ఆ ముఖం మీద చెయ్యి తిరిగిన గుంపులనే పెట్టేవాళ్లు. కొత్తవాళ్లను గోడ నడుమ రాళ్లు నింపడానికి పంపేవాళ్లు. ముఖం మీద ఒక్క తప్పు దొరికితే గుంపును గుంపే లోపలికి మార్చేస్తారు. ముఖం మేస్త్రి అనిపించుకోవడం బాపుకు ఉన్న ఒకే ఒక్క గర్వం. పైకి చెప్పేవాడు కాదు గానీ, పనికి పోయేటప్పుడు తలపాగా చుట్టుకునే తీరులో తెలిసిపోయేది.

మా పక్క గుడిసె ఖాజా చాచాది. చిట్యాల ఆయనది. ఇనుప అతుకులు వేసేవాడు. గోడ అడుగున మనిషి నిలబడి చేతులు చాచినా అందనంత పెద్ద గొట్టాలు పెడుతున్నారు. వాటి ఇనుప రేకులను అతికే గుంపులో ఉండేవాడు. అమ్మ వాళ్లకు రొట్టెలు పంపేది, పండగకు వాళ్ల గిన్నెలో సేమియా వచ్చేది. చాచాకు ఒక సైకిలుండేది, దానికి ముందు దీపం. ఒక సాయంత్రం నేను ఊరికే నోరు జారి, "ఆ గొట్టాల్ల నుంచి కరెంటు పారుతదా చాచా?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. సైకిలుకు స్టాండు వేసి, "కూసుండి కాలుతోని తిప్పు బిడ్డా" అన్నాడు.

తిప్పాను. వెనక చక్రం తేలిగ్గా తిరిగింది. అప్పుడాయన డైనమో మీట నొక్కి, దాని చిన్న చక్రాన్ని టైరుకు ఆనించాడు. ఒక్కసారిగా పెడలు బరువెక్కింది. దీపం ముందు ఎర్రగా, గట్టిగా తొక్కితే తెల్లగా వెలిగింది.

"బరువు తెలుస్తాందా? దీపం ఉత్తగనే ఎలగది," అన్నాడు చాచా. "గీ డబ్బిల ఒక సూదంటురాయి ఉంటది. దాని సుట్టు రాగి తీగ. సూదంటురాయి గిర్రున తిరిగితె తీగల కరెంటు పుడ్తది. ఇక్కడ నీ కాలు తిప్పుతాంది. అక్కడ నీళ్లు తిప్పుతయ్. పైనుంచి గొట్టంల దిగిన నీళ్లు అడుగున పెద్ద చక్రం రెక్కలను తంతయ్. చక్రం తిరిగితె దాని ఇరుసు తిరుగుతది. ఇరుసు కొసకు గుడిసెంత సూదంటురాయి. గంతే, ఇంకేం లేదు."

"మరి నీళ్లేమైతయ్?"

"ఏమైతయ్? బయటికొచ్చి మళ్ల ఏట్లనే పోతయ్. ఒక్క సుక్క తక్కువ గాదు. దూకే జోరే మనం తీస్కునేది."

"గా జోరు యాడికెల్లి వస్తది?"

చాచా ఒక పాత నూనె డబ్బా తెచ్చి, మేకుతో పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి తూట్లు పొడిచి నీళ్లు నింపాడు. పై తూటు నుంచి నీళ్లు డబ్బాను రాసుకుంటూ కారాయి. అడుగు తూటు నుంచి మూరెడు దూరం చిమ్మాయి. "మీద ఎన్ని నీళ్లు నిలవడితె అడుగుకు గంత జోరు. గందుకే గొట్టాలు అడుగున వెట్టిన్రు. గందుకే మీ బాపు కట్టే గోడ అడుగున గంత వెడల్పు, మీదికి పోంగ పోంగ సన్నం," అన్నాడు.

మంచం మీద పడుకుని వింటున్న బాపు అప్పుడు నోరు విప్పాడు. "ఎత్తు గావాల్నంటె గోడ గావాలె. గోడ మాది." ఆ నెలంతా కలిపి ఆయన మాట్లాడింది అంతే అనుకుంటాను. చాచా నవ్వి డబ్బా తలకిందులు చేశాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే పక్క గుంపు మేస్త్రి ఒకాయన పరంజా మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. దవాఖానకు మోసుకుపోతుంటే అమ్మ చూసింది. అప్పటికి మా గుంపు సరిగ్గా పెద్ద గొట్టాలకు పైన, కింద చూస్తే కళ్లు తిరిగే చోట, ముఖం కడుతున్నది. ఆ రోజు నుంచి అమ్మకు అన్నం సయించలేదు. మా వైపు చెరువు ఎంత చిన్నదైనా దాని కట్ట మీద ఒక రాయి ఉంటుంది. పసుపు పూసి బొట్టు పెట్టి దాన్ని కట్ట మైసమ్మ అంటారు. కట్టనూ, కట్ట మీద నడిచేవాళ్లనూ ఆమె కాస్తుందని నమ్మకం. అమ్మ పుట్టి పెరిగింది ఆ నమ్మకంలోనే.

"కుంటకు సుత మైసమ్మ ఉంటది. గింత పెద్ద కట్ట, మీ బాపు నిలవడ్డ తావుల ఎవ్వలు లేరు," అంది నాతో. "బయట వెడ్తె ఓవర్సీరు తీసి పారేపిస్తడు. లోపల ఉంటె ఎవ్వలు తియ్యరు. నువ్వు గడిగే రాయిలకెల్లి మంచిది ఒకటి జూడు."

నాకు తప్పనిపించలేదు, నిజం చెప్పాలి. మట్టి ఉండకూడదు, పొడి ఉండకూడదు అని తెలుసు. ఆముదం, పసుపు మురికి ఎట్లా అవుతాయి? దేవుడికి పెట్టేవే కదా. మరునాడు పొద్దున ఒక నున్నని ముఖం రాయిని ఎంచి, ఎప్పటికంటే శ్రద్ధగా కడిగి ఆరబెట్టాను. అమ్మ ఇచ్చిన చిన్న సీసాలోని ఆముదమంతా దాని అడుగుకు రుద్దాను. ఆ నూనె మీదే పసుపు మెత్తి, రెండు వేపమండలు అంటించాను. రాయి మోసే ఇద్దరూ మా ఊరివాళ్లే. పసుపు చూసి ఒక క్షణం ఆగి, దండం పెట్టుకుని, మోకులు బిగించి ఎత్తారు. బాపు అటు తిరిగి వరస దారం సరిచేసుకుంటున్నాడు. రాయి మాలు మీదికి దిగింది. దిగి, ఒక వేలెడు పక్కకు జారింది. బాపు దాన్ని సర్ది, తాపీ పిడితో తట్టాడు. మళ్లీ తట్టాడు. చెయ్యి గాలిలో ఆగింది. తర్వాత పక్క రాయి అందుకున్నాడు. గోడ కింద నిలబడి నేనూ అమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ రోజు ఆమె కడుపునిండా తిన్నది.

మూడో రోజు మధ్యాహ్నం చాచాకు రొట్టెలు ఇచ్చి రమ్మని అమ్మ పంపింది. ఆయన ఇనుప రేకుల అంచులు తీగ బ్రష్‌తో రుద్ది, ఒక శుభ్రమైన గుడ్డతో పదే పదే తుడుస్తున్నాడు. నాకంతా తళతళలాడుతూనే కనిపించింది.

"ఇంకేం తుడుస్తవ్ చాచా?"

"నూనె చెయ్యి తాకింది ఎవనిదో. ఏలెడు మరక ఉన్నా అతుకు పట్టదు బిడ్డా. పైకి పట్టినట్టే కనవడ్తది. నీళ్ల జోరు ఒచ్చినంక తెలుస్తది సంగతి."

"ఇనుముకేనా? రాయికి సుత అంతేనా?"

"రాయికైనా గంతే. నూనె ఉంటె మాలు పట్టదు. లేకుంటె నిన్ను కడుగమని ఎందుకు వెట్టిండ్రు?" అని ఆయన మళ్లీ తుడవడంలో పడ్డాడు.

నూనె డబ్బా అడుగు తూటు నుంచి చిమ్మిన నీళ్లు కళ్ల ముందు కదిలాయి. నేను నూనె పూసిన రాయి నీళ్లవైపు ముఖంలో, ఆ గొట్టాలకు పైనే ఉంది. చెబితే బాపు ముఖం మేస్త్రి పని పోతుంది. ఆయన మాట మీద ఊరు విడిచి వచ్చినవాళ్లందరికీ తలవంపులు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పైన అప్పటికే రెండు వరసలు లేచాయి. చాచా దగ్గర నుంచి రాళ్ల కుప్ప దాకా నడిచిన ఆ కాస్త దూరంలో చెప్పకూడదని ఒకసారి, చెప్పాలని ఒకసారి నిశ్చయించుకున్నాను. మొదటిదే నాకు బాగా నచ్చింది. కానీ కుప్ప నీడలో బాపు రొట్టె తుంచుకుంటూ తలెత్తి, "చాచా తిన్నడా?" అని అడగ్గానే ఏడుపొచ్చేసింది. ఏడుపుతో పాటే సంగతంతా బయటపడింది.

బాపు వింటూ నమలడం ఆపేశాడు. "ఏ రాయి?" అన్నాడు. చెప్పాను. మిగిలిన రొట్టెను గుడ్డలో పెట్టి ముడి వేశాడు.

అమ్మ అడ్డం వచ్చింది. "నేనే జెయ్యమన్న. పిల్లనేమనకు. నీ పానం కోసమే జేసిన. గింత గోడల ఒక్క రాయి. ఎవ్వలకు తెలుస్తది?"

"నీళ్లకు తెలుస్తది," అన్నాడు బాపు. చేతులు కడుక్కుని, తలపాగా విప్పి భుజాన వేసుకుని ఓవర్సీరు దగ్గరికి నడిచాడు. నేను వెనకే వెళ్లాను. రావద్దని అనలేదు.

ఓవర్సీరు నల్గొండ వైపు మనిషి. కళ్లద్దాలు, కటువు మాట. ఆయన ముందు బాపు చేతులు కట్టుకుని, "సారూ, మా వరసల ఒక రాయి అతుకు పట్టలే. తియ్యాలె," అన్నాడు.

"నీకెట్ల తెలుసు?"

"తెలుసు సారూ."

"ఎవరి తప్పు?"

"ముఖం రాయి నేనే వెట్టిన. నాదే."

నేను నోరు తెరవబోయాను. బాపు వెనక్కి తిరగకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

పొద్దుగూకే దాకా గడ్డపారలతో తవ్వారు. పై వరసల రాళ్లు ఒక పట్టాన రాలేదు. ఒక్కొక్కటీ మాలును చీల్చుకుంటూ, దాన్ని కరుచుకుని లేచింది. అవన్నీ నేను బాగా కడిగిన రాళ్లు. నా పని ఎంత గట్టిదో నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే, అదీ ఆ తీరుగా. ఆ ఒక్క రాయి మాత్రం గడ్డపార తగలగానే లేచొచ్చింది. అడుగంతా పచ్చగా, నున్నగా, చిటికెడు మాలు అంటకుండా ఉంది. కింది మాలులో వేపాకుల అచ్చు పడి ఉంది. రాయి మోసిన వాళ్లలో ఒకతను చెప్పులు విడిచాడు. ఓవర్సీరు వంగి పసుపును చూశాడు, లేచి నా గోళ్లకేసి చూశాడు. మూడు రోజులైనా నా గోళ్లకు పసుపు పోలేదు. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను.

"దీన్ని కంకరల వెయ్యకున్రి. క్యాంపు కాడ యాడన్న వెట్టుకోన్రి," అన్నాడు. తర్వాత గొంతు మార్చకుండానే, "ఎల్లయ్యా, రేపటికెల్లి మీ గుంపు లోపల నింపుడు పని జెయ్యాలె," అన్నాడు.

"సరే సారూ," అన్నాడు బాపు.

రాయిని క్యాంపు దారి మొగలో నిలబెట్టారు. వారం తిరక్కుండానే అక్కడ బొట్లు, దీపాలు, కోళ్లు మొదలయ్యాయి. మా గుంపును తిట్టుకున్నవాళ్లు కూడా అక్కడ మొక్కేవాళ్లు. ఖాజా చాచా ఆ రాయి దగ్గరికి రాగానే సైకిలు దిగి, దాటాక ఎక్కేవాడు. అమ్మ మాత్రం చాలా రోజులు అటు పోలేదు. పోయినా తలెత్తలేదు. క్యాంపు విడిచి వచ్చేటప్పుడు బాపు ఆ రాయి అంచు నుంచి చిన్న ముక్క తాపీతో తట్టి తీసి అమ్మ చేతిలో పెట్టాడు. ఆమె బతికినన్నాళ్లు అది మా గూట్లో ఉంది. మొన్న సంచిలో వచ్చింది అదే.

ఇక నా సంగతి. మరునాడే నన్ను బాపు గుంపు నుంచి తీసి కంకర కొట్టే వైపు పంపారు. ఎవరు మార్పించారో ఎవరూ చెప్పలేదు. బాపే నన్ను వద్దన్నాడని నేననుకున్నాను. నా బ్రష్ కోసం వెతికితే కనిపించలేదు. అది కూడా ఆయనే పారేశాడనుకున్నాను. గోడ నడుమ, ఎవరి కంటా పడని చోట, కొత్తగా చేరిన పిల్లల పక్కన రాళ్లు నింపుతూ బాపు ఎండాకాలమంతా పనిచేశాడు. అక్కడ కూడా ప్రతి రాయినీ తట్టేవాడట. నాతో ఆ సంగతి ఒక్కసారైనా ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. పనికి పోయేటప్పుడు ముగ్గురం కలిసే నడిచేవాళ్లం, కలిసే తిరిగొచ్చేవాళ్లం. ఆయన తలపాగా మాత్రం మళ్లీ ఆ తీరుగా చుట్టుకోలేదు. నా వల్లే అనే బాధ నాలో అట్లాగే గడ్డకట్టింది. ఆయన పోయేటప్పుడు పక్కనే ఉన్నాను. అప్పుడూ అడగలేకపోయాను.

ఆ క్యాంపులోనే సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దుకున్నాను. తర్వాత ఇంకా చదివి, పెళ్లయ్యాక ఈ హాలియాలోనే పంతులమ్మనయ్యాను. కరెంటు పాఠం వచ్చినప్పుడల్లా తరగతిలోకి సైకిలు తెప్పించి, పిల్లల చేత పెడలు తొక్కించేదాన్ని. బరువు కాలికి తెలిస్తేగాని ఆ పాఠం ఎక్కదు. మేం వచ్చేసిన చాలా ఏళ్లకు గాని ఆ గొట్టాల్లోకి నీళ్లు వదల్లేదు, చక్రాలు తిరగలేదు. కోస్గిలో మా ఇంటికి దీపం వచ్చిన రోజు బాపు స్విచ్చు బల్లను వేలి కణుపుతో తట్టి విన్నాడు. "గిది మన కట్ట నుంచి వచ్చిందేనా?" అని నన్నడిగాడు. అన్ని చోట్ల కరెంటూ ఒకే తీగల్లో కలిసిపోతుంది, విడదీసి చెప్పలేమన్నాను. ఆయనకు నచ్చలేదు. "ఏదో ఒకటి మనదుంటదిలే," అని సర్దుకున్నాడు.

ఇప్పుడు నా ఇంటి వెనక కాలువ పారుతుంది. సాగర్ నీళ్లే. ఏడాదికి రెండు పంటల వరి. పుట్టింటి వైపు మాత్రం ఇప్పటికీ వాన కోసం మొగులుకేసి చూస్తారు. గోడ కట్టింది మావాళ్లు, నీళ్లు పారింది ఇంకో వైపు. తలుచుకుంటే కడుపు రగులుతుంది. అదే నీళ్లతో పండిన అన్నం తింటున్నాను గనక నోరు మూసుకుంటాను. అప్పటి కష్టం గొప్పదని, ఇప్పటి సుఖం చెడ్డదని నేననను. రొట్టెలకు పిండి విసిరిన చేతులకు మిక్సీ విలువ తెలుసు. ఒక్కటే తేడా అనిపిస్తుంది. అప్పుడు దీపం వెనక ఎవరి చెయ్యి ఉందో మాకు తెలుసు. ఇప్పుడు మా మనవరాలు స్విచ్చు వేసి, అది వెలగకపోతే కోపగించుకుంటుంది. దాని తప్పేం లేదు.

ఇంత రాశాక ఆ నాలుగో వస్తువు గుర్తొచ్చింది. వెళ్లి తెచ్చి, పిడికి చుట్టిన గుడ్డ మడత విప్పి చూశాను. పైన రంగు పోయింది గాని లోపలి మడతలో నీలం అట్లాగే ఉంది. అమ్మ చీర అంచు. వెంటనే వదినకు ఫోన్ చేశాను.

"వదినా, గా బ్రష్ ఎందుకు దాసినవ్? నాలుగు పీచులే ఉన్నయ్ దానికి."

"అది పారేస్తె మామ లేసొస్తడు," అంది వదిన. "కొట్టం గోడ కట్టినప్పుడు ఎవ్వల్ని రాయి కడుగనియ్యలే. గా బ్రష్ తోనే తనే కడిగిండు. మీ అన్న కొత్తది తెస్తనంటె ఏమన్నడో ఎర్కేనా? రాయి కడుగుడు నా బిడ్డకే తెలుసు అన్నడు. తెలిసిన గడియల్నే ఒచ్చి జెప్పింది, నా చేతికి నాడే తెలిసినా నేను మూడొద్దులు జెప్పలే అన్నడు. గదేం ముచ్చటనో మాకైతె సమజ్ కాలే."

నాకు సమజైంది. రాయి వేలెడు జారినప్పుడు, తట్టిన చెయ్యి గాలిలో ఆగినప్పుడు, ఆయనకు తెలిసింది. తెలిసీ పక్క రాయి అందుకున్నాడు. "నాదే" అని ఓవర్సీరుతో అన్నది నన్ను కాపాడడానికి కాదు, నిజమే చెప్పాడు. ఆ మౌనమంతా నా మీద కోపమని ఇన్నేళ్లు అనుకున్నాను. ఫోన్ పెట్టేసి, వాకిట్లో కూర్చుని, ఎవరైనా చూస్తారన్న వెరపు లేకుండా ఏడ్చాను.

తర్వాత కుళాయి దగ్గరికి పోయి ఆ బ్రష్ తడిపాను. మిగిలిన నాలుగు పీచులతోనే తాపీ తోమాను, ఇత్తడి గుండు తోమాను, కారే నీళ్లు తేటపడే దాకా తోమాను. రాతిముక్కను మాత్రం కడగలేదు.